తొలి కయాక్, తొలి గాలం రాడ్: నెల్లూరు, ప్రకాశం నీళ్లకు తగ్గట్టు ఎంచుకోవడం ఎలా

కయాక్ (ఒకరిద్దరు కూర్చునే సన్నటి చిన్న పడవ) మీద గాలం వేయాలనుకునేవాళ్లలో ఎక్కువమంది ముందు మంచి రాడ్ కొంటారు. తర్వాత ఆఫర్‌లో దొరికిన కయాక్ కొంటారు. లైఫ్ జాకెట్ సంగతి ఆఖర్న గుర్తొస్తుంది. ఈ వరస తలకిందులు. ఏ నీళ్లలో దిగుతామో ముందు తేలాలి. ఆ నీళ్లని బట్టి పడవ, పడవని బట్టి తెడ్డు, జాకెట్. మిగిలిన డబ్బుతో రాడ్. ఓ మోస్తరు రాడ్‌కీ చేప పడుతుంది. పడవ విషయంలో తప్పు జరిగితే మాత్రం అది రెండు నెలల్లో మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన బోర్లా పడుంటుంది.

ముందు నీళ్లు

మనకు మూడు రకాల నీళ్లున్నాయి. మొదటిది మంచినీళ్లు: మల్లవరం దగ్గర గుండ్లకమ్మ జలాశయం, కంభం చెరువు, కనిగిరి రిజర్వాయరు (పేరు చూసి కనిగిరి ఊరికి వెళ్లకండి, ఇది బుచ్చిరెడ్డిపాళెం వైపుది), ఇంకా పెద్దవైన సోమశిల, కండలేరు. ఇక్కడ కొరమీను, జిలేబి, బొచ్చె, శీలావతి, వాలుగ. రెండోది ఉప్పూ చప్పనా కలిసిన నీళ్లు: బకింగ్‌హాం కాలువ, ఉప్పుటేర్లు, సముద్రానికి దగ్గర్లో పెన్న దిగువ. ఇక్కడి రాజు పండుగప్ప. మూడోది సముద్రం: మైపాడు, కొత్తపట్నం లాంటి తీరాలు.

తొలి ఏడాది సముద్రం వద్దు. దీని మీద మొహమాటం లేకుండా చెప్పాలి. మన తీరంలో అలలు ఒడ్డు దగ్గరే విరుగుతాయి. అలలోకి అడ్డం తిరిగిన కయాక్‌ని నిలబెట్టడం నేర్చినవాడికి కూడా కష్టమే. కాలువలోనో చెరువులోనో ఇరవై ముప్పై సార్లు తిరిగి, నీళ్లలో పడి మళ్లీ ఎక్కడం ఒంటబట్టాక ఆ మాట ఆలోచించవచ్చు. కాబట్టి తొలి పడవ కాలువకీ, చెరువుకీ సరిపోయేదిగా కొనండి. "రేపు సముద్రానికి కూడా పనికొస్తుంది" అని పద్నాలుగు అడుగులది కొంటే ఇవాళ కాలువలో తిప్పలేరు, ఆటో మీదికి ఎత్తలేరు.

దిగే ముందు అడగాల్సినవాళ్లు ఉన్నారు. చెరువులు, జలాశయాల్లో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకార సహకార సంఘాలదో, మత్స్యశాఖ లైసెన్సు ఉన్నవాళ్లదో అయి ఉంటుంది. వాళ్లు చేప పిల్లలు వదిలిన నీళ్లలో అడక్కుండా గాలం వేస్తే గొడవ మనదే. పులికాట్, నేలపట్టు పక్షుల అభయారణ్యాలు, అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా గాలం మాటే లేదు. కృష్ణపట్నం ఓడల దారి, షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) చుట్టుపక్కల నీళ్లూ మనవి కావు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో యంత్రపు పడవలకూ, మోటారు పడవలకూ వేట నిషేధం. తెడ్డుతో నడిచే కయాక్‌కి చిన్న మోటారు తగిలించారా, మీరూ ఆ లెక్కలోకే వస్తారు. తీరం వైపు ఎప్పుడు దిగినా పాలెం పెద్దలకి ఒక మాట చెప్పి దిగడం మర్యాదే కాదు, తిరిగి రాకపోతే వెతికేది కూడా వాళ్లే.

ఏ రకం పడవ

కూర్చునే తీరుని బట్టి కయాక్‌లు రెండు రకాలు. ఒకటి లోపల దూరి కూర్చునేది, రెండోది పైన కూర్చునేది, అంటే సిట్ ఆన్ టాప్. గాలానికి రెండోదే. మన తీరంలో పాత తెప్ప గుర్తుందా? దుంగలు కలిపి కట్టిన తెప్ప మీదికి వచ్చిన నీళ్లు సందుల్లోంచి జారిపోతాయి, తెప్ప మునగదు. సిట్ ఆన్ టాప్ కూడా అదే సూత్రం. మూసిన డొల్ల మీద మనం కూర్చుంటాం, పైకి వచ్చిన నీళ్లు అడుగున ఉన్న కన్నాల్లోంచి పోతాయి. లోపల కూర్చునే రకం బోల్తా పడితే తొట్టిలా నిండుతుంది. ఒంటరిగా నీళ్లు తోడి మళ్లీ ఎక్కడం కొత్తవాళ్ల వల్ల కాదు.

పొడవు 10 నుంచి 11 అడుగులు, వెడల్పు 31 నుంచి 34 అంగుళాలు చూసుకోండి. పొడవు పెరిగితే పడవ తిన్నగా, వేగంగా పోతుంది, మలుపు తిరగదు. వెడల్పు పెరిగితే నిలకడ వస్తుంది, నడపడం బరువవుతుంది. 29 అంగుళాల పడవలో చేప పక్కకు లాగినప్పుడల్లా గుండె జారుతుంది. 36 దాటినది ఎదురుగాలిలో కదలదు.

తెడ్డా, పెడలా? పెడల్ కయాక్‌లో చేతులు ఖాళీ, నిజమే. కానీ అడుగున రెక్కలకి కనీసం అడుగున్నర, రెండడుగుల లోతు కావాలి. మన ఉప్పుటేర్లలో పాటు (పోటు తగ్గి నీళ్లు వెనక్కి పోయే) సమయంలో మోకాలి లోతు చోట్లు బోలెడు. చెరువుల్లో గుర్రపుడెక్క, కాలువల్లో కట్టిన వలలు రెక్కలకి చుట్టుకుంటాయి. బరువు కూడా 45 కిలోలు దాటుతుంది. తొలి పడవ తెడ్డుదే.

గాలి నింపేవి చౌకగా, డిక్కీలో పట్టేలా ఉంటాయి. మంచినీళ్లలో, గడ్డి ఒడ్లున్నచోట పర్వాలేదు. ఉప్పు కాలువల్లో మాత్రం వంతెన కాళ్లకీ రాళ్లకీ పట్టిన ఆల్చిప్పల అంచు బ్లేడులా ఉంటుంది. జెల్ల ముల్లు ఒక్కటి చాలు. ఎండలో వదిలితే లోపలి గాలి వ్యాకోచించి కుట్లు విడిపోతాయి.

బరువు లెక్క

పడవ మీద రాసిన సామర్థ్యం అది మునిగిపోని హద్దు మాత్రమే, హాయిగా నడిచే హద్దు కాదు. ఆ అంకెలో 70 శాతమే మనది అనుకోవాలి. ఒక లెక్క వేద్దాం. మనిషి 75 కిలోలు, జాకెట్, బట్టలు 3, తాగునీళ్లు 3, రాడ్లు, గాలాల పెట్టె 5, ఐసుతో పెట్టె 8, లంగరు, తాడు 3, పడబోయే చేపలు 5. మొత్తం 102. దీన్ని 0.7తో భాగిస్తే 146 వస్తుంది. అంటే 150 కిలోలకి తగ్గని పడవ కావాలి. వంద కిలోల మనిషికి 180 పైమాటే. ఈ లెక్క తప్పితే ఏమవుతుందో చూడాలంటే కూర్చున్న చోట చూడండి: అడుగు కన్నాల్లోంచి నీళ్లు పోవాల్సింది పోయి పైకి ఉబుకుతాయి. పొద్దస్తమానం తడి సీటు మీదే కూర్చోవాలి.

పడవ సొంత బరువు ఇంకో లెక్క. పదడుగులది 25 నుంచి 30 కిలోలు, సీటు ఫ్రేముతో పన్నెండడుగులది 35 నుంచి 40. రోడ్డు నుంచి నీళ్ల దాకా దాన్ని మోసేది ఎవరు? ఒక్కరే వెళ్లేటట్టయితే 30 దాటనివ్వకండి. చక్రాల బండి కొనేటప్పుడు అడుగు కన్నాల్లో గుచ్చే రకం వద్దు, బరువుకి కన్నం గొట్టాలు పగులుతాయి. పట్టీతో కట్టే రకం తీసుకోండి. సన్నటి చక్రాలు మన ఇసకలో కూరుకుపోతాయి, లావు టైర్లు కావాలి.

కొనే ముందు చేతితో చూడాల్సినవి

చాలా కయాక్‌లు పాలిథిలిన్ ప్లాస్టిక్‌వి. కొత్తదైనా, వాడినదైనా ఈ వరసలో చూడండి. బోర్లించి మధ్య గీత వెంట బొటనవేలితో నొక్కుతూ పోండి. వెనక కొన దగ్గర, నేల మీద ఈడ్చినచోట ప్లాస్టిక్ అరిగి పల్చబడుతుంది, వేలికి లొట్టపోయినట్టు తెలుస్తుంది. తర్వాత మూత తీసి లోపల టార్చి వేసి అడుగు కన్నాల గొట్టాలు పైకీ కిందికీ కలిసే అంచులు చూడండి. పగుళ్లు అక్కడే మొదలవుతాయి. ఆపైన లోపల రెండు బిందెల నీళ్లు పోసి, మూత బిగించి, అటూ ఇటూ వొంచి పది నిమిషాలు ఆగండి. బయట చెమర్చినచోటే కన్నం. రంగు వెలిసి, చేత్తో రుద్దితే పొడి రాలుతుంటే ఎండకి తినేసిందని అర్థం, అది ఎంత చౌకైనా వద్దు.

ఒక ముఖ్యమైన సంగతి. పాలిథిలిన్‌కి ఎం-సీల్ అంటదు, ఫైబర్ బోట్లకి వాడే రెసిన్ కూడా అంటదు. అదే రకం ప్లాస్టిక్ కడ్డీని వేడితో కరిగించి అతకాలి. బంపర్లు, నీళ్ల ట్యాంకులు అతికేవాళ్లకి ఈ పని తెలుసు. పాత పడవకి ఎం-సీల్ మచ్చ కనిపిస్తే బేరం అక్కడే ఆపేయండి. ఫైబర్ కయాక్ సంగతి దీనికి పూర్తిగా ఎదురు: రాయి తగిలితే తేలిగ్గా పగులుతుంది, కానీ ఏ పడవల రేవులోనైనా బాగుచేసేవాడు దొరుకుతాడు.

తెడ్డు, జాకెట్

వెడల్పు పడవ, ఎత్తు సీటు అయితే తెడ్డు 240 నుంచి 250 సెంటీమీటర్లు. పొట్టి తెడ్డుతో ప్రతిసారీ పిడికిలి పడవ అంచుకి కొట్టుకుంటుంది. అల్యూమినియం కర్ర ఉప్పునీళ్లలో అతుకు దగ్గర పట్టేస్తుంది, ఇంటికి రాగానే విడదీసి కడగాలి. తెడ్డుకి మీటరు తాడు కట్టి పడవకి బిగించండి.

జాకెట్ ఫోమ్‌దే తీసుకోండి. ఈత వచ్చినవాళ్లకి తేల్చే బలం 50 న్యూటన్లది, రానివాళ్లకి 100 న్యూటన్లది. వేసుకుని పట్టీలన్నీ బిగించాక వెనక నుంచి ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. గడ్డం దాకా లేచిందంటే అది నీళ్లలో మీ తల మీదనుంచి ఊడిపోతుంది. విహారపు బోట్లలో ఇచ్చే నారింజ రంగు జాకెట్లు చాలావరకు ఈ పరీక్షలో నిలవవు. ఇంకో రెండు వస్తువులు జాకెట్‌కే తగిలించాలి, పడవలో కాదు: ఈల, చిన్న కత్తి. కత్తి చేపకి కాదు, కాలికి చుట్టుకున్న తాడుకి.

రాడ్, రీలు, దారం

మొదట ఒక్క సెట్ చాలు. ఏడడుగుల రెండు ముక్కల స్పిన్నింగ్ రాడ్, మీడియం బలం, 10 నుంచి 30 గ్రాముల ఎర విసిరేది. ఏడడుగులే ఎందుకంటే, చేప పడవ ముక్కు చుట్టూ తిరిగినప్పుడు రాడ్ కొన ముక్కుని దాటాలి, లేకపోతే దారం పడవ అంచుకి రాసుకుని తెగుతుంది. అలాగని రీలు వెనక పిడి పొడుగ్గా ఉండకూడదు. ఒడ్డున వాడే రాడ్ల పిడి అరచేతి నుంచి మోచేయి దాటి పోతుంది, కూర్చున్నప్పుడు అది జాకెట్‌కి గుచ్చుకుంటుంది. రీలు వెనక 30 నుంచి 35 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోండి. దుకాణంలో కుర్చీ వేయించుకుని కూర్చుని పట్టుకుని చూడండి, నిలబడి చూస్తే తెలియదు.

రీలు 3000 లేదా 4000 సైజు. దాని మీద 20 పౌండ్ల బలం తట్టుకునే బ్రెయిడ్ (అల్లిన) దారం 150 మీటర్లు. బ్రెయిడ్‌ని నేరుగా స్పూలుకి (రీలులో దారం చుట్టే ఉండకి) కట్టకండి, మొత్తం దారం జారి తిరుగుతుంది. ముందు పది పదిహేను చుట్లు మామూలు నైలాన్ వేసి దానికి కట్టండి. స్పూలు అంచుకి 2, 3 మిల్లీమీటర్లు తక్కువగా నింపాలి. నిండా నింపితే విసిరినప్పుడు దారం గుత్తులుగా ఊడి చిక్కుపడుతుంది, తక్కువైతే దూరం పోదు.

బ్రెయిడ్ చివర 40 పౌండ్ల నైలాన్ ముక్క, మీటరు పొడవు, తప్పనిసరి. పండుగప్ప నోరు గరుకు కాగితం, దాని చెంప రేకు అంచు కత్తి. వట్టి బ్రెయిడ్ రెండు తల విదిలింపులకి తెగిపోతుంది.

ఈ రెంటినీ కలిపే ముడి ఇంట్లో పది సార్లు వేయండి. రెండు కొనలూ ఎదురెదురుగా ఒక జానెడు ఒకదానిమీద ఒకటి పెట్టండి. నైలాన్ కొనని వెనక్కి మడిచి ఉంగరం చేసి, ఆ ఉంగరంలోంచి రెండు దారాల చుట్టూ 5 చుట్లు తిప్పి లాగండి. బ్రెయిడ్ కొనతో అటువైపు అదే పని, కానీ 8 చుట్లు, అది నున్నటిది కాబట్టి తక్కువ చుట్లకి జారిపోతుంది. ఇప్పుడు ముడులు రెండూ ఉమ్మితో తడిపి, అసలు దారాలు రెండు వైపులా మెల్లగా లాగితే ముడులు జారుకుంటూ వచ్చి ఒకదానికొకటి ఆనుకుంటాయి. తడపకుండా లాగితే రాపిడి వేడికి నైలాన్ కాలి, ముడి పక్కన తెల్లగా వంకర్లు పోతుంది. అలా కనిపిస్తే కోసేసి మళ్లీ వేయాలి. కొనలు 2 మిల్లీమీటర్లు వదిలి కత్తిరించండి.

డ్రాగ్ అంటే ఎంత బలంగా లాగితే రీలు దారం వదలాలో పెట్టుకునే బిగింపు. దాన్ని చెయ్యి అంచనాతో పెట్టకండి. ఇళ్లల్లో ఉండే స్ప్రింగ్ కాటా కొక్కేనికి దారం కట్టి, రాడ్ ఎత్తి లాగండి. 20 పౌండ్లంటే 9 కిలోలు, అందులో నాలుగో వంతు, కాటా 2 నుంచి 2.25 కిలోలు చూపించినప్పుడు రీలు దారం వదలాలి. కయాక్ మీద ఇంతకు మించి అక్కర్లేదు. చేప లాగితే పడవే కదిలి సగం జోరు తగ్గిస్తుంది. కాకపోతే వంతెన కాళ్ల దగ్గర ఇదే ఇబ్బంది: చేప పడవతో సహా మిమ్మల్ని స్తంభం దగ్గరికి తీసుకుపోతుంది. అలాంటిచోట గాలం పడగానే ఒక చేత్తో తెడ్డు వేసి బయటి నీళ్లలోకి తిప్పుకోవాలి.

పండుగప్పకి మూడు నాలుగంగుళాల రబ్బరు చేప, 10 నుంచి 14 గ్రాముల సీసపు తల, లేదా బతికిన రొయ్యకి 2/0 గాలం. జిలేబికి 8వ నంబరు చిన్న గాలం, బెండు, వానపాము లేదా పిండి ముద్ద. కొరమీనుకి గడ్డి మీద జారే రబ్బరు కప్ప కావాలి. దానికి ఈ దారం చాలదు, 40, 50 పౌండ్ల బ్రెయిడ్, గట్టి రాడ్ రెండో సెట్‌గా తర్వాత కొనుక్కోండి. కొరమీను జంట తన పిల్లల గుంపుని కాస్తూ తిరుగుతుంది. నీటి పైన ఎర్రటి పిల్లల ముద్ద కనిపిస్తే అక్కడ వేయకండి. తల్లీతండ్రీ పోతే ఆ పిల్లలని కాసేవాళ్లుండరు.

మూడు కొక్కేల గాలాలని ఒంటి గాలంగా మార్చుకోండి. ఒళ్లో ఎగిరే చేప, దాని నోట్లో మూడు కొక్కేలు, మన తొడ: ఈ మూడూ ఒకచోట చేరకూడదు. జెల్లని చేత్తో ముట్టకుండా పట్టకారుతో గాలం తీయండి. దాని ముళ్లలో విషం ఉంది.

అమరిక

సీటు వెనక రెండు రాడ్ గొట్టాలు, ముందు తిరిగే గొట్టం ఒకటి. లంగరు కిలోన్నర మడత లంగరు, తాడు లోతుకి కనీసం మూడింతలు. పారే నీళ్లలో పడవ పక్క నుంచి లంగరు వేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే, నీళ్లు పడవని అడ్డంగా పట్టి వొంచేస్తాయి. ముక్కు నుంచో తోక నుంచో మాత్రమే వేయాలి. ఫిష్ ఫైండర్ ఇప్పుడే వద్దు.

చేపని దగ్గరికి తెచ్చేటప్పుడు ఒకే నియమం: తల పడవ అంచు దాటకూడదు. వొంగి అందుకోవాలని చూడగానే బరువంతా అటు వెళ్తుంది. చేపని మోకాలి పక్కకి రప్పించి, వలబుట్టని ముందే నీళ్లలో ముంచి ఉంచి, దాని మీదికి నడిపించాలి.

పడి లేవడం

మొదటి రోజు రాడ్ తీసుకెళ్లకండి. ఛాతీ లోతు నీళ్లలో, పక్కన మనిషిని పెట్టుకుని కావాలని బోల్తా కొట్టండి. పడవ అడ్డంగా నిలబడి అవతలి అంచు పట్టుకుని లాగితే తిరగబడుతుంది. ఇప్పుడు సీటు పక్కకి వచ్చి, శరీరాన్ని నీటి మీద పడుకోబెట్టి కాళ్లు కొడుతూ పొట్ట సీటు మీదికి తెచ్చుకోండి. తర్వాత వెల్లకిలా తిరిగి పిర్రలు సీట్లో, ఆఖర్న కాళ్లు లోపలికి. కొత్తవాళ్లు చేసే తప్పు, నిలువుగా వేలాడి చేతులతో పైకి లాక్కోవడం. అలా లాగితే పడవ మళ్లీ మీద పడుతుంది. వరసగా ఐదుసార్లు ఎక్కగలిగాకే మర్నాడు రాడ్.

గాలి, పోటు

మన తీరంలో ప్రమాదం ఎక్కువగా తెల్లవారుజామునే ఉంటుంది. అప్పుడు గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. జూన్, జులైల్లో పడమటి గాలి పగలు కూడా చాలాసేపు అదే దిక్కున గట్టిగా ఉంటుంది. ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా కనిపిస్తాయి, అలలు లేవు కదా అని దిగుతారు. తిరిగి చూసేసరికి ఒడ్డు దూరమై ఉంటుంది, వెనక్కి రావాలంటే ఎదురుగాలి. పెద్ద జలాశయంలో కూడా ఇదే లెక్క. అందుకే మొదలు పెట్టేటప్పుడు గాలికి ఎదురు పోవాలి, అలిసిపోయి వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోయాలి. నీళ్ల మీద తెల్లటి నురగ తలలు కనపడ్డాయంటే ఆ రోజుకి చాలు.

ఉప్పుటేర్లలో పోటుతో లోపలికి వెళ్లి, పాటు జోరందుకోకముందే బయటపడండి. మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర పాటు నీళ్లు సముద్రంలోకి లాగేస్తాయి, అటువైపు వెళ్లనే వద్దు. అమావాస్య, పౌర్ణమి చుట్టూ జోరెక్కువ, అష్టమి, నవమికి తగ్గుతుంది. కొత్తవాళ్లకి ఆ రోజులే మంచివి. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, నిన్నటి టైము ఇవాళ పనికిరాదు. లోతు తక్కువచోట దిగేటప్పుడు అడుగు ఎత్తి వేయకుండా పాదం ఈడుస్తూ నడవండి. బురదలో టేకు చేప ఉంటే తప్పుకుంటుంది, తొక్కితే తోక ముల్లు దింపుతుంది.

బయల్దేరే ముందు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర సూచనలు, వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అల్పపీడనం మాట వినపడితే దిగొద్దు. జలాశయాల గేట్ల కింద ఏ కాలంలోనూ వద్దు, నీళ్లు ఎప్పుడు వదిలేదీ మనకు తెలియకపోవచ్చు. సముద్రం వైపు ఆపద వస్తే కోస్ట్ గార్డ్ నంబరు 1554. ఫోను నీళ్లు చొరని సంచిలో వేసి జాకెట్‌కే కట్టుకోండి. పడవలో పెట్టిన ఫోను పడవతోనే పోతుంది.

ఇంటికి వచ్చాక

ఉప్పునీళ్ల నుంచి వచ్చిన రీలుని గట్టి ధార కింద పెట్టకండి, ఆ ధారకి ఉప్పు లోపలి బేరింగుల్లోకి దూరుతుంది. డ్రాగ్ మరను బిగించి, చెంబుతో మెల్లగా మంచినీళ్లు పోసి, గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి. ఆరాక ఆ మరను పూర్తిగా వదులు చేసి దాచాలి. బిగించి ఉంచితే లోపలి బిళ్లలు అంటుకుపోయి, తర్వాతి పండుగప్ప లాగినప్పుడు దారం వదలకుండా పట్టేస్తుంది. పడవ అడుగు మూత తీసి, బోర్లించి, రెండు పట్టీల మీద వేలాడదీయండి. రెండు ఇటుకల మీద పెట్టి మే ఎండలో వదిలేస్తే, ఇటుక తగిలినచోట ప్లాస్టిక్ మెత్తబడి లొట్టపోతుంది.